ఆగగలిగినవాడిదే బేరం!

* ఉల్లికైనా, ధాన్యానికైనా, చేపకైనా వర్తించే సూత్రం ఒక్కటే
* పంట చేతికి వచ్చిన రోజునే రైతు బలహీనుడు
* ఎవరి పద్దులోనూ చేరని కొల్లేరు నష్టం

గుండుగొలను (భీమడోలు మండలం): ఏలూరు వైపు నుంచి వచ్చే జాతీయ రహదారి గుండుగొలను వద్ద రెండుగా చీలుతుంది. పాతదారి భీమడోలు, తాడేపల్లిగూడెం మీదుగా సాగిపోతుంది. రెండోది నల్లజర్ల, దేవరపల్లి మీదుగా కొవ్వూరు చేరే సుమారు 70 కిలోమీటర్ల నాలుగు వరుసల మార్గం. ఈ కూడలిలో నిలబడి చూస్తే జిల్లా వ్యవసాయమంతా చక్రాల మీద కదులుతున్నట్లే ఉంటుంది. కర్నూలు ఉల్లి తాడేపల్లిగూడెం మార్కెట్‌కు వెళ్తుంది. డెల్టా ధాన్యం మిల్లులకు చేరుతుంది. కొల్లేరు గట్ల మీద పట్టిన చేప మంచు పరిచిన పెట్టెల్లో హౌరాకు, అస్సాంకు ప్రయాణిస్తుంది.

సరకులు మూడూ వేరైనా రైతు గోడు ఒక్కటే. పంట బాగా పండిన ఏడాదే ధర పడిపోతోంది. ఖర్చు తగ్గదు, అప్పు ఆగదు. దీనికి దళారులనో, ప్రభుత్వాన్నో, వాతావరణాన్నో నిందించడం పరిపాటి. ఆ నిందలో కొంత నిజం లేకపోలేదు. అయితే డిగ్రీ మొదటి సంవత్సరం అర్థశాస్త్రంలో చెప్పే మూడు పాఠాలు, అంటే డిమాండ్ వ్యాకోచత్వం, ఉత్పత్తి వ్యయం, మార్కెట్ వైఫల్యం, ఈ గోడుకు అసలు మూలం ఎక్కడుందో చూపిస్తాయి. బేరంలో ఎవరు ఆగగలరో వారిదే పైచేయి. ఎవరు ఆగలేరో వారి మీదే భారం. ఆగలేనివారి వరుసలో చివర నిలిచింది మనిషి కాదు, కొల్లేరు సరస్సు.

అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి

ధర ఒక శాతం మారితే కొనుగోలు ఎంత శాతం మారుతుందన్న కొలతనే అర్థశాస్త్రం వ్యాకోచత్వం అంటుంది. ఆంగ్ల ఆర్థికవేత్త ఆల్‌ఫ్రెడ్ మార్షల్ 1890లో వెలువరించిన గ్రంథంతో ఈ భావన స్థిరపడింది. తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్ దీనికి చక్కని ఉదాహరణ. వారానికి రెండు కిలోల ఉల్లి వాడే ఇల్లాలు ధర సగానికి పడిపోయిందని నాలుగు కిలోలు కోసి కూరలో వేయదు. ధర రెట్టింపయిందని ఉల్లి లేకుండా పోపు పెట్టదు. వాడకం పెద్దగా సాగదు, పెద్దగా కుంచించుకుపోదు. దీన్నే అవ్యాకోచ డిమాండ్ అంటారు.

వాడకం సాగనప్పుడు మార్కెట్‌కు వచ్చిన అదనపు సరకు మొత్తం బరువు ధర మీదనే పడుతుంది. ఒక ఊహా లెక్క వేసి చూద్దాం. దిగుబడి 10 శాతం పెరిగి, ఆ సరకంతా అమ్ముడుపోవడానికి ధర 20 శాతం పడిపోయిందనుకుందాం. మునుపు 100 బస్తాలు వంద రూపాయల చొప్పున అమ్మితే రూ.10,000 వచ్చేది. ఇప్పుడు 110 బస్తాలు 80 రూపాయల చొప్పున అమ్మితే వచ్చేది రూ.8,800. పదోవంతు ఎక్కువ పండించినందుకు రైతుకు దక్కిన బహుమానం రూ.1,200 నష్టం. ఇందులో ఎవరి మోసమూ లేదు. మోసం కూడా తోడైతే లోటు మరింత పెరుగుతుంది.

2025 సెప్టెంబరులో కర్నూలు ఉల్లి రైతుకు ఇదే అనుభవమయింది. ధరలు కుప్పకూలడంతో క్వింటాలు రూ.1,200 చొప్పున కొనుగోలు చేయాలని, అనంతరం హెక్టారుకు రూ.50 వేల చొప్పున సాయం అందించాలని రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించవలసి వచ్చింది. పంట తగ్గిన ఏడాది ఇదే సూత్రం తిరగబడి వినియోగదారుడిని కాలుస్తుంది. 1998లో ఢిల్లీ ఎన్నికల్లో ఉల్లి ధర అధికార పార్టీని ఎంత దెబ్బతీసిందో దేశమంతా చూసింది. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్న మన సామెతలో ఈ పాఠమంతా ఇమిడి ఉంది. పంట కోత నాడు అడవి, కరవు నాడు కొరివి. నడుమ కాలంలో సరకును ఆపుకోగలిగినవాడికి రెండు విధాలా లాభమే.

మద్దతు ధర ఎవరి చేతికి?

ధాన్యం విషయంలో ఈ బలహీనతను తీర్చడానికే కనీస మద్దతు ధర వచ్చింది. 2025-26 సీజన్‌కు సాధారణ రకం ధాన్యానికి క్వింటాలు రూ.2,369, ఏ గ్రేడుకు రూ.2,389 చొప్పున కేంద్రం ప్రకటించింది. మన లెక్కలో 75 కిలోల బస్తాకు సాధారణ రకానికి సుమారు రూ.1,777 పడుతుంది. క్వింటాలు ఉత్పత్తి వ్యయం రూ.1,579గా తీసుకుని, దానికి సగం కలిపి ఈ ధర నిర్ణయించారు.

అసలు చిక్కు ఆ రూ.1,579లో ఏముందన్న దగ్గర ఉంది. రైతు చేతి నుంచి నేరుగా పెట్టిన ఖర్చు, కుటుంబ సభ్యుల శ్రమ విలువ మాత్రమే ఇందులోకి వస్తాయి. సొంత భూమికి రావలసిన కౌలు, సొంత పెట్టుబడికి రావలసిన వడ్డీ ఇందులో చేరవు. అర్థశాస్త్రం వీటిని అవకాశ వ్యయం అంటుంది. ఆ భూమిని మరొకరికి ఇచ్చి ఉంటే, ఆ సొమ్మును మరోచోట పెట్టి ఉంటే వచ్చి ఉండే రాబడి అది. వీటినీ కలిపిన సమగ్ర వ్యయం మీద 50 శాతం ఇవ్వాలన్నదే స్వామినాథన్ కమిషన్ సిఫార్సుకు రైతు సంఘాలు చెబుతున్న అర్థం.

కౌలుదారుకు ఇది పుస్తకాల్లోని తర్కం కాదు. భూయజమానికి ఊహా ఖర్చుగా ఉన్న కౌలు అతడికి బస్తాల రూపంలో కొలిచి ఇవ్వవలసిన నికరమైన ఖర్చు. చెల్లించిన కౌలును ప్రభుత్వ లెక్కలో కలుపుతారన్నది వాస్తవమే. కాని అది సగటు లెక్క. సొంత భూమి సాగుచేసే రైతు వద్ద కౌలు ఖర్చు సున్నా. ఆ సున్నాలతో కలిసి సగటు తీసినప్పుడు కౌలుదారు మోసే బరువు పలచబడి కనిపిస్తుంది. గోదావరి డెల్టాలో సాగులో అధిక భాగం కౌలుదారుల చేతిలోనే ఉందన్న సంగతి గుర్తుంచుకుంటే ఈ సగటు ఎవరికి అన్యాయం చేస్తోందో తెలుస్తుంది.

ప్రకటించిన ధర దక్కాలన్నా ఆగగలిగే శక్తి కావాలి. తేమ 17 శాతానికి మించరాదు. ఆరబోసుకోవడానికి కళ్లం, కప్పడానికి పరదాలు, గోనె సంచులు వచ్చేదాకా ఓపిక, సొమ్ము ఖాతాలో పడేదాకా ఇంటి ఖర్చుకు వేరే ఆధారం ఉండాలి. మాసూళ్ల వేళ ఆకాశం మబ్బేస్తే రోడ్డు పక్కన ధాన్యం పోసుకున్న కౌలు రైతు ఆగలేడు. తడిసిన ధాన్యానికి చెప్పిన ధరే ధర.

రైతులు కలిసికట్టుగా ఆగిన సందర్భమూ ఒకటుంది. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. నాటు వేస్తే ఎకరాకు పెట్టే ఖర్చు కూడా తిరిగి రాదని తేల్చుకుని పొలాలను ఖాళీగా వదిలేశారు. ఈ పరిణామం మీద ప్రభుత్వం మోహన్ కందా కమిటీని నియమించింది. ధర చర వ్యయం కంటే కిందకు పోతే ఉత్పత్తి నిలిపివేయడమే నయమన్న పాఠాన్ని కోనసీమ పొలంలో చేసి చూపింది. అయితే ఆ విరామంలో భూమి ఉన్నవారు ఒక పంట ఆగగలిగారు గాని, నాట్లు, కోతల కూలి మీద బతికే కుటుంబాలకు ఆ అవకాశం లేకపోయింది. ఆగడానికీ ఆస్తి కావాలన్నది ఆ ఏడాది తేలిన మరో సత్యం.

పట్టుబడి నాటికి ఖర్చంతా పాత ఖర్చే

గుండుగొలనుకు దక్షిణంగా దిగితే వరిచేలు క్రమంగా చెరువులకు చోటిస్తాయి. శీలావతి, బొచ్చె పెంచే ఈ చెరువుల్లో ఖర్చు లెక్క వరి కంటే కఠినమైనది. చెరువు తవ్వకం, గట్లు, కౌలు, అప్పు మీద వడ్డీ స్థిర వ్యయం. చేప వేసినా, వేయకపోయినా అది తప్పదు. పిల్ల, తవుడు, చెక్క, మందులు, కరెంటు, కూలి చర వ్యయం. పెట్టుబడిలో సగానికి పైగా మేతకే పోతుంది. చిల్లులు పెట్టిన సంచుల్లో తవుడు నింపి కర్రలకు వేలాడదీసే పద్ధతి కొల్లేరు రైతు అనుభవంతో పట్టిన పొదుపు సూత్రం.

మరో ఊహా లెక్క చూద్దాం. ఎకరా చెరువుకు స్థిర వ్యయం లక్ష రూపాయలు, చర వ్యయం రూ.2.60 లక్షలు, దిగుబడి 4,000 కిలోలు అనుకుందాం. కిలో రూ.100 పలికితే రూ.4 లక్షలు వచ్చి, రూ.40 వేలు మిగులుతుంది. రూ.80కి పడిపోతే రూ.40 వేలు నష్టం. అయినా రైతు మరుసటి ఏడాది పిల్ల వేస్తాడు. చెరువు ఖాళీగా ఉంచితే నష్టం రూ.40 వేలు కాదు, లక్ష. నష్టంలోనూ సాగు ఆపడేమని బయటివారు ఆశ్చర్యపోతారు గాని అందులో తెలివితక్కువతనం లేదు. రూ.60కి దిగజారుతుందని ముందే తెలిస్తే రాబడి రూ.2.40 లక్షలే. అది చర వ్యయానికీ చాలదు కనుక అప్పుడు చెరువు ఖాళీగా ఉంచడమే మేలు.

ఇక్కడే అసలు ఉచ్చు ఉంది. పిల్ల వేసే రోజున మేత రాబోయే ఖర్చు. పట్టుబడి రోజుకు అది కూడా అయిపోయిన ఖర్చు. వలకూలి, రవాణా, మంచు మాత్రమే మిగిలి ఉంటాయి. ఆ రోజున వ్యాపారి ఎంత తక్కువ చెప్పినా, ఆ చిన్న ఖర్చు దాటి ఒక్క రూపాయి వచ్చినా అమ్మడమే నయమవుతుంది. ఆగుదామంటే ఆగిన ప్రతి రోజూ మేత కావాలి. పైగా మబ్బు పట్టిన రాత్రులలో నీటిలో ప్రాణవాయువు తగ్గి, తెల్లవారుజామున చేప పైకి తేలి నోరు తెరుస్తుంది. ఆ తెల్లవారు పట్టవలసిందే, వచ్చిన ధరకు ఇవ్వవలసిందే. మేతకు అప్పు ఇచ్చినవాడే చేప కొనేవాడయితే ఆ బేరం పిల్ల వేసిన నాడే ముగిసినట్లు లెక్క. తూకంలో తీసే తరుగు మీద వాదించడానికి కూడా రైతుకు నోరుండదు.

దూరపు మార్కెట్‌లో చిన్న గాలి వీచినా ఇక్కడి గట్టు మీద తుపానవుతుంది. ఫార్మలిన్ కలుపుతున్నారన్న అనుమానంతో 2018 జులైలో అస్సాం ప్రభుత్వం ఆంధ్ర చేపను కొద్ది రోజులు నిషేధించింది. 2019 జనవరిలో బిహార్ ప్రభుత్వం పట్నాలో 15 రోజులు అమ్మకాలు ఆపింది. మంచి చేపకు, మందు కలిపిన చేపకు తేడా కొనేవాడి కంటికి కనిపించదు. అందుకే ఎవరో చేసిన తప్పుకు, లేదా కేవలం అనుమానానికి, అందరి సరకూ శిక్ష అనుభవిస్తుంది. సమాచార లోపం వల్ల కలిగే ఈ నష్టం కూడా మార్కెట్ వైఫల్యమే. గట్టు మీద, లోడింగ్ దగ్గర నమ్మదగిన పరీక్ష, ధ్రువపత్రం ఉంటే తప్ప దీనికి మందు లేదు.

రొయ్యదీ ఇదే కథ. 2025 ఆగస్టు 27 నుంచి అమెరికా మన సరకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు, అప్పటికే ఉన్న ఇతర సుంకాలు దానికి అదనం. ఈక్వెడార్ రొయ్య మీద అప్పుడు అమెరికా వేసిన సుంకం 15 శాతమే. అమెరికా కొనుగోలుదారుకు మరో అంగడి ఉంది. చెరువులో కౌంటుకు వచ్చిన రొయ్యకు మరో దారి లేదు. పన్ను చట్టంలో ఎవరి పేరు రాసి ఉన్నా, దాని భారం ముఖం తిప్పుకోలేనివాడి మీదకే జారుతుంది. ఆ ఏడాది గిట్టుబాటు లేదని రైతులు చేసిన ఆందోళనల సారాంశం ఇదే.

ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చింది

ఇంతవరకు చూసిన నష్టాలకు కనీసం యజమానులున్నారు. వారు అరవగలరు, ధర్నా చేయగలరు, ఓటు వేయగలరు. కొల్లేరుకు ఆ నోరు కూడా లేదు. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ఉన్న ఈ మంచినీటి సరస్సు బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తదితర ఏరుల, డ్రెయిన్ల నీటిని పట్టుకుని ఉప్పుటేరు ద్వారా మెల్లగా సముద్రానికి వదులుతుంది. వరద వేళ పైనున్న పొలాలకు ఇది చేసే మేలుకు ఏ మార్కెట్‌లోనూ ధర లేదు. కొరమీనుకు, మార్పుకు, శీతకాలపు వలస పక్షులకు ఇది ఇచ్చే ఆశ్రయానికి ఎవరూ కౌలు చెల్లించరు.

ధర లేనిదాన్ని ఎవరూ పొదుపుగా వాడరు. చెరువు గట్టు వేసిన రైతుకు చేప రాబడి పూర్తిగా తనదే. గట్టు వల్ల నీటి దారి మూసుకుపోయి ఎగువ వరిచేను మునిగితే ఆ నష్టం మరొకరిది. చెరువు నీరు డ్రెయిన్‌లోకి వదిలితే తన ఖర్చు తగ్గుతుంది, దిగువ లంక గ్రామం తాగునీరు చెడుతుంది. తప్పు చేపల రైతుది మాత్రమే కాదు. పట్టణాల మురుగు, పరిశ్రమల వ్యర్థాలు కాలువల వెంట ఇక్కడికే చేరుతాయి. ఎవరి పద్దులోనూ ఎక్కని ఇలాంటి ఖర్చులనే బాహ్య ప్రభావాలంటారు. గట్టు మీద పలికే చేప ధరలో సరస్సు నష్టం కలిసి ఉండదు కనుక, సమాజానికి పడే అసలు ఖర్చు కంటే చేప చౌకగా కనిపిస్తుంది. చౌకగా కనిపిస్తుంది కనుకనే అవసరానికి మించి చెరువులు తవ్వడం జరిగింది. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందన్న సామెతకు ఇంతకంటే పెద్ద సాక్ష్యం అక్కరలేదు.

ఈ తవ్వకానికి తొలి అడుగు ప్రభుత్వానిదే. 1970ల ద్వితీయార్ధంలో పేద మత్స్యకారుల సహకార సంఘాలకు చెరువులు ఏర్పాటు చేశారు. పెట్టుబడి లేని సభ్యులు కాలక్రమంలో వాటిని డబ్బున్నవారికి లీజుకిచ్చి, తమ చెరువు గట్టు మీద తామే కూలీలయ్యారు. 1999 అక్టోబరులో +5 కాంటూరు వరకు సుమారు 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో కొల్లేరు రాంసర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాధాన్యం గల చిత్తడి నేలగా గుర్తింపు పొందింది. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరిట వేల ఎకరాల్లో గట్లు తెంచారు. 2008లో అభయారణ్యాన్ని +3 కాంటూరుకు కుదించాలని శాసనసభ ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆ తర్వాత చెరువులు మళ్లీ వెలిశాయి. 2025లో సుప్రీంకోర్టు ఆక్రమణల తొలగింపు విషయాన్ని మళ్లీ చేపట్టింది.

గట్లు తెంచితే చెరువు పోతుంది గాని చెరువును లాభసాటి చేసిన లెక్క పోదు. జిరాయితీ భూములకు పరిహారం తేలక, లంక గ్రామాల మత్స్యకారులకు ప్రత్యామ్నాయ జీవనోపాధి స్థిరపడక, సరస్సులో సహజంగా పెరిగే చేప మీద హక్కు ఎవరిదో స్పష్టం కాక, తెంచిన గట్టు తిరిగి లేవడం సహజ పరిణామమే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు ఆ నీరు చివరకు కొల్లేరుకే చేరింది. కైకలూరు, మండవల్లి ప్రాంత గ్రామాల చుట్టూ నీరు చేరింది. సరస్సు చేసే సేవకు ఎంత విలువ ఉందో అప్పుడు నష్టం రూపంలో బిల్లు వచ్చింది. ఆ బిల్లు చెల్లించినవారిలో చెరువు లాభం కళ్లచూడనివారే ఎక్కువ.

చేయదగిన పనులు

ధర పడిపోయిన ప్రతిసారీ పరిహారం ప్రకటించడం నొప్పికి మాత్ర వంటిది. రైతుకు ఆగగలిగే శక్తి ఇవ్వడమే అసలు చికిత్స. ధాన్యానికి ఊరూరా కళ్లాలు, ఆరబెట్టే యంత్రాలు, గోదాము రసీదు మీద రుణం కావాలి. కౌలుదారుకు బ్యాంకు రుణం దక్కాలి. 2011 నాటి రుణ అర్హత కార్డుల చట్టం, 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టం ఈ ఉద్దేశంతో వచ్చినవే. రెండో చట్టం కింద కార్డుకు భూయజమాని సంతకం తప్పనిసరి కావడంతో అది చాలామందికి అందని పండయింది. చేపకు మంచు గిడ్డంగులు, మేతకు వ్యాపారి అప్పు బదులు సంస్థాగత రుణం, సంఘంగా కలిసి పట్టుబడి తేదీలను వంతులవారీగా వేసుకునే ఏర్పాటు అవసరం. ఒకే వారంలో అందరూ పట్టకపోతే ధర కూలడం కొంతైనా తగ్గుతుంది.

కొల్లేరు విషయంలో నిషేధం ఒక్కటే చాలదు, స్వేచ్ఛ ఒక్కటే తగదు. ఉమ్మడి వనరును వాడుకునేవారే హద్దులు, వంతులు, కాపలా, జరిమానా నిర్ణయించుకుని కాపాడుకున్న ఉదాహరణలు ప్రపంచంలో అనేకం ఉన్నాయని నిరూపించిన ఎలినార్ ఆస్ట్రమ్‌కు 2009లో ఆర్థికశాస్త్ర నోబెల్ లభించింది. హద్దు స్పష్టంగా ఉండటం, నిబంధనల తయారీలో స్థానికులకు చోటుండటం ఆమె చెప్పిన మూలసూత్రాలలో ముఖ్యమైనవి. కాంటూరు గీత ఎక్కడన్న దగ్గరే దశాబ్దాలు గడిచిన చోట ఇవి రెండూ లోపించాయి. హద్దు రాళ్లు పాతి, జిరాయితీ భూముల పరిహారం తేల్చి, మత్స్యకార సంఘాలకు సహజ చేపల వేట మీద హక్కు ఇచ్చి, బయట ఉన్న చెరువులకు కరెంటు రాయితీని మురుగు నీటి శుద్ధితో ముడిపెడితే, సరస్సు నష్టం మొదటిసారిగా ఎవరో ఒకరి పద్దులోకి ఎక్కుతుంది. దానివల్ల చేప ధర కిలోకు కొంత పెరగవచ్చు. ఆ పెరుగుదల కొత్త ఖర్చు కాదు. లంక గ్రామాలు, మునిగిన వరిచేలు ఇంతకాలం మన తరఫున చెల్లిస్తూ వచ్చినదే.

ఉల్లి రైతు, కౌలుదారు, చేపల రైతు ముగ్గురూ ఆగలేక నష్టపోతున్నవారే. ఆ నష్టాన్ని పూడ్చుకోవడానికి మరో ఎకరా చెరువు తవ్వితే బరువు మరింత బలహీనమైన చోటికి, అంటే సరస్సు మీదకు, మారుతుంది తప్ప తగ్గదు. రైతును ఆగగలిగేలా చేయడం, కొల్లేరును కాపాడటం వేర్వేరు శాఖల పనులుగా ఫైళ్లలో ఉన్నా, ఈ సీమలో అవి రెండూ ఒకే పని. మొదటిది చేయకుండా రెండోది సాధ్యం కాదని 2006 నుంచి ఇప్పటివరకు తెగి లేచిన గట్లే చెబుతున్నాయి.